కోచ్ బాగుందన్నా తమ్ముడు నమ్మడం లేదు: పారా క్రీడాకారుడి మనోబలం, తన ఆట మీద తన అంచనా

మీరు రాసిన దాన్ని ముందు క్లుప్తంగా చెప్తానమ్మా, చదివే మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. మీ తమ్ముడికి 24 ఏళ్లు. రెండేళ్ల కిందట బైకు ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. అంతకు ముందు కదిరిలో ఫాస్ట్ బౌలర్‌గా మంచి పేరుంది. ఏడాదిగా బెంగళూరులో మారతహళ్లి పీజీలో ఉంటూ కంఠీరవ స్టేడియంలో జావెలిన్ నేర్చుకుంటున్నాడు, ఎఫ్64 విభాగం (మోకాలి కింద కాలు లేక కృత్రిమ కాలితో ఆడేవాళ్లది). ఏడాదిలో 31 మీటర్ల నుంచి 38కి వచ్చాడు. కోచ్ సంతోషంగానే ఉన్నారు. కానీ ఫోన్ చేసినప్పుడల్లా “చెత్తగా వేస్తున్నా అక్కా, నా వల్ల కాదు” అంటున్నాడు. ఇంట్లో అందరూ ధైర్యంగా ఉండమని చెప్తున్నారు, నాన్నగారు మాత్రం వెనక్కి వచ్చేయమంటున్నారు. మనోధైర్యం పెంచడం ఎలా, అది పెరిగితే ఆట నిజంగా బాగుపడుతుందా అని మీరు అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని, మాది హిందూపురం. బెంగళూరులో చాలా ఏళ్లుగా పారా క్రీడాకారులతోనే నా పని. స్పోర్ట్స్ సైకాలజిస్టులతో కలిసి పనిచేశాను కానీ నేను సైకాలజిస్టుని కాను. కాబట్టి మనసు గురించి నేను చెప్పేదంతా కాళ్లు, చేతులు, సాకెట్లు (కృత్రిమ కాలిలో మిగిలిన కాలు దూర్చే గిన్నెలాంటి భాగాలు), టేపుల వైపు నుంచి చూసి చెప్పేదే.

మీ తమ్ముడిలో ధైర్యం తక్కువైందని నాకు అనిపించడం లేదు. కాలు పోయిన ఏడాదికే ఊరు వదిలి, తెలియని ఊళ్లో ఒక్కడే ఉంటూ, ఎప్పుడూ పట్టుకోని జావెలిన్ పట్టుకున్నవాడికి ఇంకా ధైర్యం కావాలని ఎలా అంటాం? తప్పుగా ఉన్నది తన ఆటని తను కొలుచుకునే తీరు. అది సరైతే మీరు మనోధైర్యం అంటున్నది చాలావరకు దానంతట అదే తేరుకుంటుంది. దాన్ని అలాగే వదిలేసి ధైర్యం చెప్తూ పోతే, ఆ మాటలే అతనికి బరువవుతాయి.

ముందు మీ రెండో ప్రశ్న. కష్టాన్ని తట్టుకుని మళ్లీ నిలబడే శక్తి ఎక్కువున్న క్రీడాకారులు తమ ఆట బాగుందని చెప్పుకోవడం కూడా ఎక్కువేనని పరిశోధకులు చాలాసార్లు గమనించారు. ఆ శక్తిని కొలవడానికి ప్రశ్నపత్రాలున్నాయి. అందరికీ తెలిసింది 2003లో వచ్చిన కానర్-డేవిడ్‌సన్ స్కేలు. అందులో 25 వాక్యాలుంటాయి, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం వంద. 2008లో ఆరు వాక్యాలతో ఇంకో చిన్నది కూడా వచ్చింది. అయితే ఇలాంటి అధ్యయనాల్లో చాలావాటిలో మనోబలాన్ని కొలిచే ప్రశ్నపత్రం, తన ఆట ఎలా ఉందో చెప్పించే ప్రశ్నపత్రం రెండూ ఒకే రోజు, ఒకే మనిషికి ఇస్తారు. ఆ రోజు మనసు బాగున్నవాడు రెండిట్లోనూ ఎక్కువ మార్కులు వేసుకుంటాడు. మనోబలం వల్ల ఆట బాగుపడిందా, ఆట బాగున్నందువల్ల మనోబలం వచ్చిందా, లేక ఆ వారం సాకెట్ సరిగ్గా కూర్చోవడం వల్ల రెండూ బాగున్నాయా అన్నది ఆ కాగితం మీద తేలదు. నేను మైదానంలో చూసినదాన్ని బట్టి రెండు వైపులా నడుస్తుంది, కానీ బాగైన ఆట నుంచి మనసుకి వెళ్లే దారే వెడల్పు. అందుకే నేను మాటలతో కాకుండా ఆటతోనే మొదలుపెడతాను.

ఇక మీ తమ్ముడికి త్రో ఎందుకు చెత్తగా అనిపిస్తుందో చెప్తాను. మీరు ఎక్కువ శ్రద్ధగా చదవాల్సింది ఇదే.

అతను కుడిచేత్తో విసురుతాడనుకుంటున్నాను. కుడిచేతి ఫాస్ట్ బౌలర్ బంతి వదిలే ముందు ఎడమ కాలు ముందుకు వేసి గట్టిగా బిగిస్తాడు. పరుగులో వచ్చిన వేగమంతా ఆ కాలి దగ్గర ఆగి నడుముకి, భుజానికి, చేతికి ఎక్కుతుంది. జావెలిన్‌లోనూ అంతే, కోచ్‌లు దీన్ని బ్లాక్ అంటారు. మీ తమ్ముడికి ఆ పని చేసే కాలే పోయింది. ఇప్పుడు కృత్రిమ కాలితో బ్లాక్ వేస్తున్నాడు. మడమ నేలకి తగిలిందని, బరువు పాదం ముందువైపుకి వచ్చిందని ఇదివరకు అతనికి పాదమే చెప్పేది. ఇప్పుడు ఆ కబురు సాకెట్ లోపల స్టంప్ (తీసేయగా మిగిలిన కాలి కొస) మీద పడే ఒత్తిడి రూపంలో, మోకాలి నుంచి, తుంటి నుంచి చుట్టూ తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి బౌలింగ్ వేసిన శరీరానికి మంచి బ్లాక్ అంటే ఎలా ఉంటుందో బాగా గుర్తుంది. ఇప్పుడు ఎంత బాగా వేసినా ఆ అనుభూతి రాదు. అందుకే త్రో 38 మీటర్లు వెళ్లినా, చేతిలోంచి జావెలిన్ జారిన క్షణంలోనే “పోయింది, సరిగ్గా పడలేదు” అనిపిస్తుంది. అతను అబద్ధం చెప్పడం లేదు, నిరాశ కొద్దీ మాట్లాడటమూ లేదు. అతని లోపలి కొలత పాత కాలికి సరిపెట్టినది, దాన్ని కొత్త కాలికి ఇంకా ఎవరూ సరిచేయలేదు.

పుట్టుకతోనో, పసితనంలో పోలియోతోనో వైకల్యం వచ్చినవాళ్లలో ఈ చిక్కు ఇంత ఎక్కువగా కనిపించదు. వాళ్లు నేర్చుకున్నదంతా ఆ శరీరంతోనే నేర్చుకున్నారు, పోల్చుకోవడానికి వెనకాల ఇంకో శరీరం లేదు. వాళ్ల కష్టాలు వేరే ఉంటాయి: బడిలో ఆటల పీరియడ్‌కి పక్కన కూర్చోబెట్టడం, పాతికేళ్లు వచ్చేదాకా మైదానం ఎలా ఉంటుందో తెలియకపోవడం. మధ్యలో ప్రమాదం జరిగినవాళ్లకి, అందులోనూ అంతకు ముందు బాగా ఆడినవాళ్లకి, తమ పాత శరీరమే గట్టి ప్రత్యర్థి. ఇంట్లో “నువ్వు ఇదివరకు ఎంత బాగా ఆడేవాడివో” అని ప్రేమగా అనే మాట కూడా ఆ ప్రత్యర్థికే బలం. ఆ మాట ఇంట్లో ఆపేయండి.

దీనికి నేను చేయించే పని ఒకటుంది. చిన్న నోటుబుక్కు పెట్టుకోమనండి. ప్రతి త్రో తర్వాత టేపు పరిచేలోపే, ఎంత బాగా పడిందనిపించిందో పదికి మార్కు వేయాలి. ఎన్ని మీటర్లు వెళ్లి ఉంటుందో తన అంచనా కూడా రాయాలి. తర్వాత అసలు కొలత పక్కన రాయాలి. ప్రాక్టీసు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మూడు విషయాలు గుర్తు చేసుకోవాలి: సాకెట్ బిగువుగా ఉందా వదులైందా, రాత్రి నిద్ర ఎలా పట్టింది, నొప్పి ఉందా. అంతే. మొదటి వారంలో దీన్ని చూసి ఏ నిర్ణయానికీ రావొద్దు.

ఒక నెల గడిచాక మీ తమ్ముడు, కోచ్ కలిసి కూర్చుని చూడాలి. చాలామంది పుస్తకాల్లో నాకు కనిపించేది ఏమిటంటే, మూడు మార్కులు వేసుకున్న త్రోలు కొన్ని ఏడు మార్కులు వేసుకున్నవాటికంటే దూరం వెళ్లి ఉంటాయి. “బాగా పడింది” అనిపించిన త్రోలు భుజం బలంతో లాగినవి, అనిపించనివి బ్లాక్ సరిగ్గా పనిచేసినవి కావడం నేను చాలాసార్లు చూశాను. తన చేతిరాతలోనే ఈ సంగతి కనపడినప్పుడు మనిషి ముఖం మారిపోతుంది. ఎవరో పొగిడారని కాదు, తన కొలత ఎటు తప్పుతోందో తనకే తెలిసింది కాబట్టి. అక్కడి నుంచి అంచనాకీ టేపుకీ మధ్య తేడా వారం వారం తగ్గుతూ వస్తుంది. నాకు దూరం పెరగడం కంటే ఆ తేడా తగ్గడమే పెద్ద గుర్తు.

ఇదేదో మనసుకి సర్దిచెప్పుకునే ఉపాయం అనుకోవద్దు. కొన్ని వైకల్యాల్లో తన మీద తనకున్న అంచనా తప్ప వేరే పరికరమే ఉండదు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో గుండె వేగాన్ని పెంచే నరాలు సరిగ్గా పనిచేయవు. ఎంత శ్రమపడినా వాళ్ల నాడి చాలాసార్లు 130 దగ్గరే ఆగిపోతుంది. అందుకే చేతికున్న వాచీ చూసి శ్రమ ఎంతో చెప్పలేం. “ఎంత కష్టంగా అనిపించింది” అని అడిగి బోర్గ్ స్కేలు మీద 6 నుంచి 20 దాకా ఒక అంకె చెప్పించుకుని, దాని మీదే శిక్షణ నడుపుతాం. అలాంటివాళ్లకి తమ శరీరాన్ని సరిగ్గా చదవడం కూడా ఆటలో ఒక నైపుణ్యం, దాన్ని అభ్యాసం చేయిస్తాం. మీ తమ్ముడు నేర్చుకోవాల్సిందీ అలాంటి నైపుణ్యమే.

ఇప్పుడు పొగడ్తల సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం కోపం కూడా వస్తుంది. కృత్రిమ కాలుతో మెట్లెక్కినా చాలు, “అబ్బ, ఎంత ధైర్యం!” అంటారు. బస్సులో పక్కవాళ్లు అంటారు, పెళ్లిలో చుట్టాలు అంటారు, స్టేడియంలో పొద్దున్నే నడవడానికి వచ్చినవాళ్లు అడక్కుండా వీడియో తీస్తూ అంటారు. 20 మీటర్లు విసిరినా అదే మాట, 40 విసిరినా అదే మాట. ఆ పొగడ్తలో ఆట గురించిన సమాచారం ఏమీ లేదు, జాలి మాత్రమే ఉంది. రోజంతా అది వింటున్న కుర్రాడు కొన్నాళ్లకి పొగడ్త అనేదాన్నే నమ్మడం మానేస్తాడు. కోచ్ నిజంగా బాగుందన్నా దాన్నీ ఆ బుట్టలోనే పడేస్తాడు. మీ తమ్ముడు కోచ్ మాట నమ్మకపోవడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

అందుకే కోచ్‌గారిని ఒక మాట అడగండి. “బాగుంది” అని వదిలేయకుండా ఏది బాగుందో, ఏది లేదో చెప్పమనండి. “ఇవాళ మూడో త్రోలో జావెలిన్ వదిలేదాకా ఎడమ మోకాలు వంగలేదు, కానీ మోచెయ్యి కిందికి జారింది” అంటే మీ తమ్ముడు నమ్ముతాడు, ఎందుకంటే అందులో తప్పు కూడా ఉంది. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి చూపిస్తే ఇంకా మంచిది. మీరు ఇంటి నుంచి మాట్లాడేటప్పుడు కూడా “నువ్వు పులివిరా” లాంటివి వద్దు. “ఇవాళ ఏం పని చేశారు, ఏది కష్టమైంది” అని అడగండి. ఎన్ని మీటర్లు అని మొదటి ప్రశ్నగా అడగొద్దు. అతను చెత్తగా వేశానంటే వెంటనే కాదు కాదనొద్దు. “చెత్తగా అంటే ఏం జరిగింది?” అని అడిగి వినండి. అక్కడ నిజమైన సంగతి ఏదో ఒకటి బయటికి వస్తుంది: లైనర్ (స్టంప్‌కి వేసే మెత్తటి తొడుగు) చెమటకి జారిందనో, పక్కవాడు నవ్వాడనో.

తన మీద తనకి నమ్మకం ఎలా పుడుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో నాలుగు దారులుగా చెప్పారు. తను చేసి గెలిచిన అనుభవం, తనలాంటివాళ్లు చేయగా చూడటం, ఇతరులు చెప్పే మాట, తన శరీరం ఆ సమయంలో ఉన్న స్థితి. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనదని ఆయన చెప్పారు. మనం ఇళ్లల్లో మూడోదాన్ని మాత్రమే పట్టుకుని లాగుతుంటాం.

రెండోదాని గురించి కొంచెం జాగ్రత్త చెప్పాలి. మీ తమ్ముడికి అందరూ అదే విభాగంలో జావెలిన్ విసిరే సుమిత్ అంతిల్ వీడియోలు పంపుతూ ఉంటారు. పంపడం న్యాయమే. సుమిత్‌కి కూడా 2015లో బైకు ప్రమాదంలోనే ఎడమ కాలు మోకాలి కింద పోయింది, అంతకు ముందు కుస్తీ పట్టేవాడు. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో 68.55 మీటర్లతో స్వర్ణం, 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 73.29తో ప్రపంచ రికార్డు. కానీ 38 మీటర్లు వేసే కుర్రాడు రాత్రి పడుకునే ముందు 73 మీటర్ల త్రో చూస్తే అతనికి కనిపించేది మధ్యలో ఉన్న 35 మీటర్లే. సుమిత్‌ని దూరం కోసం కాకుండా ఆ ఎడమ కాలు నేల మీద పడే తీరు కోసం చూడమనండి. ఒకే వైపు, ఒకే ఎత్తులో కాలు పోయినవాడు ఆ బ్లాక్ ఎలా వేస్తున్నాడో నెమ్మదిగా పదిసార్లు చూస్తే అది పాఠం. దూరం మాత్రమే చూస్తే అది శిక్ష. దానికంటే 45 మీటర్లు వేసే, రెండేళ్లు ముందు మొదలుపెట్టిన సీనియర్ ఒకరు స్టేడియంలోనే ఉంటే అతనితో కలిసి వార్మప్ చేయడం ఎక్కువ మేలు. దారి కనపడేంత దగ్గరలో ఉన్న మనిషి కావాలి.

ఇంకో సంగతి కూడా గమనించమనండి. సుమిత్ 2024 పారిస్‌లో వేసింది 70.59. తన రికార్డు కంటే దాదాపు మూడు మీటర్లు తక్కువ, అయినా అది స్వర్ణం, పారాలింపిక్ రికార్డు. బెంగళూరులో కోచ్ సత్యనారాయణ దగ్గర శిక్షణ పొందిన మరియప్పన్ తంగవేలు హైజంప్‌లో రియోలో 1.89 మీటర్లకి స్వర్ణం, టోక్యోలో 1.86కి రజతం, పారిస్‌లో 1.85కి కాంస్యం గెలిచాడు. మూడుసార్లూ పతకం రంగు వేరు, ఎత్తులో తేడా మొత్తం నాలుగు సెంటీమీటర్లే. మన అనకాపల్లి జిల్లా రవి రొంగలి పారిస్‌లో ఎఫ్40 (ఎత్తు బాగా తక్కువున్నవాళ్ల విభాగం) షాట్‌పుట్‌లో 10.63 మీటర్లు వేశాడు, అప్పటికి తన జీవితంలో అదే అత్యుత్తమం, వచ్చింది ఐదో స్థానం. ఆ రోజు రవి బాగా ఆడాడా లేదా? పతకాల పట్టిక ఒక జవాబు చెప్తుంది, అతని పాత కొలతలు ఇంకో జవాబు చెప్తాయి. మీ తమ్ముడు ఇప్పుడున్న దశలో రెండోదాన్నే చూడాలి. పోటీల్లోకి దిగాక మొదటిదీ అవసరమే, దాన్ని కాదనడం లేదు. రెండిటినీ కలిపేయకపోవడమే ముఖ్యం.

క్లాసిఫికేషన్ (ఎవరు ఏ విభాగంలో ఆడాలో తేల్చడం) గురించి మీరు అడగలేదు, కానీ తప్పకుండా వస్తుంది కాబట్టి రెండు మాటలు. అంతర్జాతీయ స్థాయిలో వైద్యులు, సాంకేతిక నిపుణులు పరీక్షించి విభాగం నిర్ణయిస్తారు. మొదట్లో అది పరిశీలనలో ఉండే హోదాగానే ఉండొచ్చు, తర్వాత మారొచ్చు. టోక్యోలో డిస్కస్ ఎఫ్52లో (కూర్చుని విసిరేవాళ్ల విభాగం ఒకటి) మన దేశానికి వచ్చిన కాంస్యం, ఆ విభాగానికి అర్హత తేలలేదని తర్వాత రద్దయింది. ఒక్కరోజులో అంత కిందికి పడటం ఎంత బరువో ఊహించుకోండి. మోకాలి కింద కాలు లేని మీ తమ్ముడి విషయంలో సందేహానికి చోటు తక్కువే. కండరాల బలాన్ని, కదలికల అదుపును బట్టి విభాగం నిర్ణయమయ్యేవాళ్లకి మాత్రం ఈ టెన్షన్ ఏళ్ల తరబడి ఉంటుంది. “నాకంటే తక్కువ లోపం ఉన్నవాడు నా విభాగంలో ఎలా ఉన్నాడు” అనే గొణుగుడు ప్రతి మైదానంలో వినిపిస్తుంది. ఆ మాటల్లోకి మీ తమ్ముడు దిగకుండా ఉంటే మంచిది, దానివల్ల త్రో ఒక్క అడుగు కూడా పెరగదు.

ఇక శరీర స్థితి. మీరు మనసు అనుకుంటున్నదాంట్లో సగం ఇక్కడే ఉందని నా అనుమానం. మోకాలి కింద తీసేసినవాళ్లలో స్టంప్ లావు రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున్న ఉబ్బి ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది, సాకెట్ వదులవుతుంది. స్టంప్‌కి వేసే సాక్సులు ఒకటి రెండు ఎక్కువ వేసుకుని సర్దుకోవాలి. ప్రమాదం జరిగి రెండేళ్లే అయింది కాబట్టి స్టంప్ ఆకారం ఇంకా మారుతూ ఉండొచ్చు. మొదట్లో చేయించిన సాకెట్‌నే ఇప్పటికీ వాడుతుంటే అది సరిపోకపోవడం చాలా మామూలు విషయం. వదులు సాకెట్‌తో బ్లాక్ వేస్తే ప్రతిసారీ ఎముక లోపల కొట్టుకుంటుంది, చర్మం ఒరుసుకుపోతుంది. శరీరం ఆ నొప్పిని ముందే ఊహించి, చివరి రెండు అడుగుల్లో తనకు తెలియకుండానే వేగం తగ్గిస్తుంది. చూసేవాళ్లు “భయపడుతున్నాడు” అంటారు. సాకెట్ మార్చితే ఆ భయం పోతుంది. జె.పి. నగర్‌లో మొబిలిటీ ఇండియా లాంటి చోట్ల కృత్రిమ అవయవాల నిపుణులు ఉంటారు, ఒకసారి చూపించమనండి. నడవడానికి చేసిన కాలునే విసరడానికీ వాడుతున్నాడా అన్నది కూడా అక్కడే అడగాలి.

ఇక్కడే ధైర్యం అనే మాట చేసే హాని చెప్పాలి. చర్మం చిట్లినా కట్టు కట్టుకుని ప్రాక్టీసుకి వెళ్లేవాణ్ని మనం గట్టివాడంటాం. వారం రోజులు కాలు విప్పేసి క్రచెస్ మీద ఉంటే మానిపోయే పుండు, అలా వెళ్లడం వల్ల నెలలు పడుతుంది. వీల్‌చెయిర్‌లో ఉండేవాళ్లకి ఇది ఇంకా ప్రమాదం. స్పర్శ లేని చోట పుండు పడితే వాళ్లకి తెలియదు, రోజూ అద్దంలో చూసుకోవాల్సిందే. ఆగాల్సిన రోజు ఆగగలిగినవాణ్నే నేను మనోబలం ఉన్నవాడంటాను. మీ తమ్ముడు “ఇవాళ స్టంప్ ఎర్రగా ఉంది, వెళ్లలేదు” అని ఫోన్ చేస్తే, “అదే మంచి పని” అని మీ నోటితో అనండి. అలా అనే మనిషి ఒక్కరైనా ఉండాలి.

పీజీ గురించి అడిగి తెలుసుకోండి. గది ఎన్నో అంతస్తులో ఉంది, లిఫ్టు నడుస్తుందా, బాత్రూం ఎలా ఉంది. స్నానానికి కృత్రిమ కాలు తీసేయాలి. తడి టైల్స్ మీద ఒంటికాలితో నిలబడి బకెట్‌తో నీళ్లు పోసుకోవడం రోజూ ఒక గండం. ప్లాస్టిక్ స్టూలు, జారని మ్యాటు, గోడకి పట్టుకునే రాడ్డు ఉంటే ఆ గండం తప్పుతుంది, దానికి పెద్ద ఖర్చు కాదు. రాత్రి లేవాల్సి వస్తే క్రచెస్ మంచం పక్కనే ఉండాలి. మారతహళ్లి నుంచి కంఠీరవకి ట్రాఫిక్‌లో రోజూ వచ్చి పోవడం రెండు కాళ్లున్నవాళ్లనే పిండేస్తుంది. కె.ఆర్. పురం వైపో, బైయప్పనహళ్లి వైపో పర్పుల్ లైన్ మెట్రో స్టేషన్‌కి దగ్గరగా గది చూసుకుంటే నేరుగా కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు, స్టేషన్లలో లిఫ్టులున్నాయి, అక్కడి నుంచి స్టేడియం దగ్గరే. కె.ఆర్. పురంలో మనవాళ్ల మెస్సులూ ఉన్నాయి. ప్రయాణంలో మిగిలిన శక్తి త్రోలోకి వెళ్తుంది. మనోబలం మీద నేను ఇచ్చే సలహాల్లో గది మార్చుకోమనడం కూడా ఉందంటే నవ్వేవాళ్లుంటారు, కానీ నేను దీన్ని చాలా గట్టిగా నమ్ముతాను.

2012లో డేవిడ్ ఫ్లెచర్, ముస్తఫా సర్కార్ అనే పరిశోధకులు 12 మంది ఒలింపిక్ విజేతలతో మాట్లాడి, ఒత్తిడిని తట్టుకోవడానికి వాళ్లకి తోడ్పడినవేమిటో రాశారు. సానుకూల స్వభావం, ప్రేరణ, ఆత్మవిశ్వాసం, ఏకాగ్రత, వీటితో పాటు తనకు అండ ఉందన్న భావన. చివరిది చూడండి. అండ ఉండటం ఒకటి, ఉందని అతనికి అనిపించడం ఇంకొకటి. మీ ఇంటిల్లిపాదీ అతని వెనకే ఉన్నారు. కానీ ఒకవైపు ధైర్యంగా ఉండమని, ఇంకోవైపు వచ్చేయమని రెండు మాటలు వింటున్నవాడికి ఆ అండ కనపడటం కష్టం. బెంగళూరులోనే ఉండే పారా క్రీడాకారిణి మాలతీ హొళ్ల గారి గురించి అతనికి చెప్పండి. పసితనంలో జ్వరం వచ్చి శరీరం చచ్చుబడిన మనిషి, ఎన్నో ఆపరేషన్ల మధ్య వీల్‌చెయిర్‌లో ఆడి 1995లో అర్జున, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. తర్వాత మాతృ ఫౌండేషన్ పెట్టి వైకల్యమున్న పిల్లలని చేరదీశారు. తనలాంటి శరీరమున్నవాళ్ల మధ్య ఉన్నప్పుడు దొరికే తోడు వేరు. ప్రాక్టీసు అవగానే పీజీకి పరిగెత్తకుండా తోటి క్రీడాకారులతో కలిసి టిఫిన్ చేయమనండి. లైనర్ వాసన గురించి, రాత్రిపూట లేని పాదంలో వచ్చే నొప్పి గురించి నిస్సంకోచంగా మాట్లాడుకునేది వాళ్లతోనే.

ఆ లేని పాదం నొప్పి నిజమైన నొప్పే. దానికి మందులున్నాయి, అద్దంతో చేయించే చికిత్స ఉంది. నిద్ర పట్టకపోవడానికి అదే కారణమైతే డాక్టరుకి చెప్పాలి, ఓర్చుకోవాల్సిన పని లేదు.

ఇంకొక్కటి, ఇది మాత్రం ఆలస్యం చేయకూడదు. “చెత్తగా వేస్తున్నా” అనేది ఆట గురించిన మాట. “నేనే చెత్త”, “నేను లేకపోతే మీకు సుఖం” అనేవి వేరు. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి తగ్గినా, ప్రాక్టీసు మీద బొత్తిగా ఆసక్తి పోయినా, తాగడం మొదలైనా, ఫోన్ ఎత్తకపోయినా, అది నోటుబుక్కులతో అయ్యే పని కాదు. మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ బెంగళూరులోనే ఉంది, హోసూరు రోడ్డు మీద. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు అతని ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేయించండి. చావు గురించిన మాట ఒక్కసారి వినిపించినా ఫోన్‌లో బుజ్జగించడంతో ఆగకండి. అతనికి దగ్గరలో ఉన్నవాళ్లని వెంటనే పక్కన ఉండమని చెప్పి మీరు బయల్దేరండి.

నాన్నగారి విషయం. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కొడుకుని ఒకసారి ఆసుపత్రిలో అలా చూసిన తండ్రి, కళ్ల ముందు ఉంటే చాలనుకుంటాడు. ఆయన్ని ఒప్పించే ప్రయత్నం ఫోన్‌లో చేయొద్దు. ఒక్కసారి బెంగళూరు రమ్మనండి, పోటీ రోజు కాకుండా మామూలు ప్రాక్టీసు రోజున. పోటీలో ఆయన ర్యాంకు చూస్తారు, ప్రాక్టీసులో కొడుకు పని చూస్తారు. కోచ్‌తో ఆయన్ని విడిగా ఓ పావుగంట మాట్లాడనివ్వండి, మీరు మధ్యలో ఉండొద్దు.

నిర్ణయం మాత్రం నోటుబుక్కు రెండు నెలలు నడిచాకే తీసుకోండి, అదీ మీ తమ్ముడి చేత. అప్పటికీ అతనికే వెళ్లాలనిపిస్తే వెళ్లనివ్వండి. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) మైదానాలున్నాయి, అక్కడ వీలుంటుందేమో ముందుగా కనుక్కోండి. కోచ్ వీడియోలు చూసి ఫోన్‌లో సూచనలు ఇవ్వడానికి ఒప్పుకుంటారేమో అడగండి. ఉండాలనుకుంటే ముందు గది మార్పించండి. వెళ్లినా ఉన్నా, సాకెట్ పని మాత్రం ఈ నెలలోనే బెంగళూరులో పూర్తి చేయించండి. కొలతలు తీసుకున్నాక కొత్తదాన్ని సరిచేయడానికి రెండు మూడుసార్లయినా వెళ్లాల్సి వస్తుంది, కదిరి నుంచి అయితే ప్రతిసారీ ఒక రోజు పోతుంది.